బ్యాలే పిచ్చి ఉన్న పిల్లకి పండగ బహుమతి ఎలా కొనాలి? (గజ్జెలు మాత్రం వద్దు)

మా అక్క కూతురు బ్యాలేలో చేరిందని విన్నప్పుడు మా ఇంట్లో అందరం ఒకటే అనుకున్నాం, రవీంద్రభారతిలో వేసే శ్రీనివాస కల్యాణం బ్యాలే లాంటిదేదో అని. మన పేపర్లలో కూచిపూడి నృత్యరూపకాన్ని కూడా బ్యాలే అనే రాస్తారు కదా మరి. అది చేరిందేమో పాశ్చాత్య నాట్యం బ్యాలేలో, దానికి గజ్జెలు కట్టరు. ఆ సంక్రాంతికి మా అమ్మ మనవరాలికి గజ్జెలు కొనిపెట్టింది, తోలు పట్టీ మీద కుట్టినవి, ఖరీదైనవే. పిల్ల మర్యాదగా "థాంక్స్ అమ్మమ్మా" అని తీసుకుని అల్మరా పైఅరలో పెట్టేసింది. మరుసటి ఏడు నా వంతు. నేను ఇంకా ఘనకార్యం చేశాను, ఎవరినీ అడక్కుండా ఆన్‌లైన్‌లో పాయింట్ షూస్, అంటే మునివేళ్ళ మీద నిలబడి ఆడే బూట్లు, తెప్పించాను. అదెందుకు తప్పో రెండో మెట్టులో చెప్తాను.

ఇప్పుడు దానికి 15 ఏళ్ళు. మధ్యలో నాలుగు పండగలు గడిచాయి, నా డబ్బులు కొన్ని వృథా అయ్యాయి, కొన్ని బాగా పనికొచ్చాయి. క్రిస్మస్ సెలవుల నుంచి సంక్రాంతి దాకా మన హైదరాబాద్‌లో ఎవరో ఒకరి ఇంట్లో ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి, ఏ వరసలో వెళ్ళాలో రాస్తున్నాను. అమ్మాయి అనే రాస్తున్నాను గానీ అబ్బాయైనా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

మొదటి మెట్టు: పిల్లని కాదు, వాళ్ళ అమ్మని అడగండి

పిల్లని అడిగితే "ఏం వద్దు పిన్నీ" అంటుంది, ఆ వయసు అలాంటిది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి నాలుగు సంగతులు కనుక్కోండి. క్లాసులో ఫలానా రంగు డ్రెస్సే వేసుకోవాలని రూల్ ఉందా? గ్రేడ్ పరీక్షలు రాస్తోందా? పాయింట్ షూస్ దాకా వచ్చిందా లేదా? ఇప్పుడు వాడుతున్న వాటిలో ఏది చిరిగింది?

పరీక్షల సంగతి ఎందుకంటే, లండన్‌లో 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ లాంటి సంస్థల సిలబస్‌లో నేర్చుకునేవాళ్ళకి ఏం వేసుకోవాలో, ఎలాంటి షూ వాడాలో కూడా నియమాలుంటాయి. మీరు ముచ్చటపడి నెమలికంఠం రంగు డ్రెస్ కొంటే అది ఇంట్లో అద్దం ముందు వేసుకోవడానికే. వీలైతే వాళ్ళమ్మ చేత టీచర్‌కి ఒక మెసేజ్ పెట్టించండి. టీచర్లు సంతోషంగానే చెప్తారు, తప్పుడు వస్తువు వచ్చాక వద్దని చెప్పడం కన్నా వాళ్ళకి అదే సుఖం.

రెండో మెట్టు: పాదానికి వేసుకునేది ఏదీ సర్‌ప్రైజ్‌గా కొనకండి

ఈ ఒక్క మెట్టూ గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

బ్యాలే అనగానే మనకి కనబడే బొమ్మ మునివేళ్ళ కొసల మీద నిలబడ్డ అమ్మాయి, ఆ గులాబీ రంగు శాటిన్ బూట్లు, చీలమండ చుట్టూ రిబ్బన్లు. అవే పాయింట్ షూస్. లోపల చెక్క ఉంటుందనుకుంటారు చాలామంది, నేనూ అనుకున్నాను. చెక్క కాదు. వేళ్ళు దూరే ముందు భాగాన్ని బాక్స్ అంటారు, మామూలుగా గుడ్డ, కాగితం పొరలు వేసి జిగురుతో గట్టిపరిచి చేస్తారు. అరికాలి కింద షాంక్ అనే గట్టి పట్టీ ఉంటుంది. ఆ బాక్స్ వెడల్పు, దాని ఆకారం, షాంక్ ఎంత గట్టిగా ఉండాలన్నది, ఇవన్నీ ఒక్కో పాదానికి ఒక్కోలా ఉంటాయి. బొటనవేలు పొడుగా, రెండో వేలు పొడుగా, పాదం వంపు ఎంత అన్నవి కూడా చూస్తారు. వదులైతే పాదం లోపలికి జారి బరువంతా వేళ్ళ మీద పడుతుంది, బిగువైతే గోళ్ళు నల్లబడతాయి.

పైగా అసలు వేసుకోవచ్చా లేదా అన్నది తేల్చేది టీచరే. కొన్నేళ్ళు పద్ధతిగా నేర్చుకుని, చీలమండలకీ నడుముకీ బలం వచ్చాక, మామూలుగా 11, 12 ఏళ్ళు దాటాకే మొదలుపెట్టిస్తారు. ఆ వయసుకి పాదం ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు కాబట్టి తొందరపడరు. నేను తెప్పించిన రోజుకి మా పిల్లకి టీచర్ ఇంకా ఒప్పుకోలేదు. పెట్టె విప్పగానే దాని మొహం మతాబులా వెలిగింది, రెండు నిమిషాల్లో వాళ్ళమ్మ "టీచర్ చెప్పేదాకా ముట్టుకోకు" అనడంతో ఆరిపోయింది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఆర్నెల్ల తర్వాత టీచర్ ఒప్పుకునే సరికి ఆ సైజు పట్టలేదు. అమ్మినవాళ్ళేమో వెనక్కి తీసుకోం అన్నారు.

కాబట్టి పాయింట్ షూస్ ఇవ్వాలనే ఉంటే డబ్బు ఇవ్వండి. పాయింట్ షూస్ ఎక్కువ కాలం రావు. పెద్ద కంపెనీల్లో ప్రధాన పాత్రలు వేసేవాళ్ళకి ఒక్క ప్రదర్శనకే ఒక జత అయిపోవడం మామూలు, పిల్లలకైనా వాడకాన్ని బట్టి కొన్ని వారాలో కొన్ని నెలలో, అంతే. ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద వేలల్లో పడుతూనే ఉంటుంది. కవరు మీద "పాయింట్ షూస్ కోసం" అని రాసి, మన పద్ధతిలో 1,116 పెడతారో 5,116 పెడతారో మీ ఇష్టం. డబ్బులిస్తే బాగోదేమో అని నాకూ ఉండేది. ఇప్పుడు మా పిల్ల అన్నిటికన్నా ముందు తెరిచేది ఆ కవరే.

కథ ఒకటి చెప్తారు. మునివేళ్ళ నాట్యానికి పేరు తెచ్చిన మారీ టాల్యోనీ 1842లో రష్యా వదిలి వెళ్తుంటే అభిమానులు ఆవిడ షూస్ వేలంలో కొని, వండించి, సాస్ వేసుకుని తిన్నారట. నిజమో కాదో గానీ, నా జత విషయంలో నాకు ఆ దారి తోచలేదు.

ఇక రోజూ క్లాసులో వేసుకునే మెత్తటి షూస్, అంటే కాన్వాస్‌వో తోలువో, ఇవి కొంచెం సులువు. కానీ ఇక్కడ మన పెద్దవాళ్ళ అలవాటు ఒకటి అడ్డొస్తుంది: "పెరిగే పిల్ల, ఒక సైజు పెద్దది తీసుకో, వచ్చే ఏడూ వస్తుంది". స్కూల్ బూట్లకి సరే. వీటికి వద్దు. ఇవి మేజోడులా పాదానికి అంటుకుని ఉండాలి, ముందు ఖాళీ ఉంటే పిల్ల వాటిని తొక్కుకుని పడుతుంది. బయట చెప్పుల సైజు ఇక్కడ పనిచేయకపోవచ్చు, బ్రాండ్‌ని బట్టి మారుతుంది. ఇప్పుడు వాడే జత లోపల సైజు, బ్రాండ్ పేరు ఫోటో తీయించి అచ్చంగా అదే తెప్పించండి. అరికాలు అట్ట ఒకే ముక్కా, మధ్యలో విడిపోయి రెండు ముక్కలా అన్నది కూడా చూడండి. డెకథ్లాన్‌లో దొరికేవి మొదట్లో నేర్చుకునేవాళ్ళకి బాగానే ఉంటాయి, షాపుకి వెళ్ళి వేసి చూసుకోవచ్చు, నప్పకపోతే మార్చుకోవచ్చు, మాకు కావాల్సిందీ అదే.

మూడో మెట్టు: బట్టలు, అంటే సికింద్రాబాద్ జనరల్ బజార్

ఒంటికి అంటుకుని ఉండే ఆ డ్రెస్‌ని లియొటార్డ్ అంటారు. దీనికి ఛాతీ, నడుము కొలతలతో పాటు ఇంకొక కొలత కావాలి: ఒక భుజం మీద టేపు పెట్టి, ముందు నుంచి కాళ్ళ మధ్యగా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ అదే భుజం దగ్గరికి తేవాలి. పొడుగ్గా ఉన్న పిల్లలకి మిగతా కొలతలు సరిపోయినా ఇది చాలక భుజాలు కోసుకుపోతాయి. దొంగచాటుగా కొలవలేరు కాబట్టి పాత లియొటార్డ్ లేబుల్ చూడండి, కొన్నది ఎప్పుడో అడగండి. ఏడాది దాటితే పైసైజు.

టైట్స్, అంటే నడుము దాకా వచ్చే పల్చటి మేజోళ్ళు, అయితే కళ్ళు మూసుకుని రెండు జతలు కొనొచ్చు, ఎప్పుడూ చిరుగుతూనే ఉంటాయి. అరికాలి దగ్గర చిన్న కన్నం ఉండే రకం అడగండి, అవసరమైతే పైకి మడుచుకుని వేళ్ళకి టేప్ చుట్టుకోవచ్చు. రంగు మాత్రం టీచర్ మాట ప్రకారం. లేత గులాబీ టైట్స్ తెల్ల ఒంటిరంగుని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి, కాలి గీత నడుము నుంచి వేలి కొస దాకా ఒక్కలా కనబడాలని. మన చామనఛాయ పిల్లలకి ఆ గీత నడుము దగ్గరే తెగుతుంది. న్యూయార్క్‌లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ వాళ్ళు 1970లలోనే ఎవరి ఒంటిరంగుకి తగ్గ టైట్స్, షూస్ వాళ్ళు వేసుకోవడం మొదలుపెట్టారు. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగుల్లో పాయింట్ షూస్ తెచ్చింది 2018లో. మీ పిల్ల క్లాసులో ఒప్పుకుంటే ఒంటిరంగు టైట్స్ ఒక జత ఇచ్చి చూడండి.

నాకు బాగా నచ్చిన బహుమతి మాత్రం స్కర్ట్. లియొటార్డ్ మీద నడుముకి చుట్టి కట్టుకునే పల్చటి స్కర్ట్ ఉంటుంది, బ్రాండ్‌ది కొంటే ఆ కాస్త గుడ్డకి అంత రేటా అనిపిస్తుంది. జనరల్ బజార్‌లో జార్జెట్ మీటర్ల లెక్కన కొని, దాని పాత స్కర్ట్ ఒకటి శాంపిల్‌గా టైలర్‌కి ఇచ్చాను. అంచుకి ఏం చేయాలో టైలర్‌కి అర్థం కాలేదు, "ఎంత మడవాలి మేడమ్" అని రెండుసార్లు అడిగాడు. అప్పుడు తట్టింది, ఆ సన్నటి అంచు మన చీరలకి వేసే పీకోనే! మా సందులో ఫాల్, పీకో బోర్డు ఉన్న ఆవిడ పది నిమిషాల్లో వేసిచ్చింది. ముదురు ఎరుపు, వక్క రంగు, బూడిద రంగు, మూడు కుట్టించాను, ఒక్కటి కొనే డబ్బుతో. కొత్త రంగు ఏం వేయించాలన్నా ఇప్పుడు అదే నాకు మెసేజ్ పెడుతుంది.

నడుము చుట్టూ గుండ్రంగా నిలబడే ఆ స్కర్ట్, టూటూ అంటారు, అది మాత్రం వద్దు. స్టేజీ మీద వేసుకునేది కొలతలిచ్చి కుట్టించుకోవాలి, చాలా ఖర్చు. బొమ్మల షాపులో దొరికేది ఆరేళ్ళ పిల్లకి పుట్టినరోజున బాగుంటుంది, పదిహేనేళ్ళ పిల్లకి ఇస్తే అది మీ వైపు ఎలా చూస్తుందో నేను చెప్పక్కర్లేదు.

నాలుగో మెట్టు: ఒక డబ్బా తయారుచేయండి

బడ్జెట్ తక్కువైతే ఇదే చేయండి, ఎక్కువైనా ఇదే చేయండి. పాయింట్ షూస్‌కి రిబ్బన్లు, ఎలాస్టిక్ మామూలుగా ఎవరికి వాళ్ళే కుట్టుకోవాలి. ఒక మంచి స్టీల్ డబ్బాలో లావు సూదులు, చిన్న కత్తెర, గట్టి దారం, అంగుళానికి కాస్త తక్కువ వెడల్పున్న శాటిన్ రిబ్బన్ పెట్టండి. జతకి రెండు, రెండున్నర మీటర్లు పడుతుంది. లేసుల షాపుకి పాత షూ ఒకటి సంచీలో వేసుకుని వెళ్ళండి, ఎందుకంటే మనం గులాబీ అంటే వాళ్ళు రాణీ కలర్ తీస్తారు, కావాల్సింది పీచ్‌కి దగ్గరగా ఉండే లేతది. రిబ్బన్ కొసలు పీచులు రాకుండా అగ్గిపుల్ల మంటకి కాస్త చూపించాలి. దారం బదులు పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్‌తో కుడతారు చాలామంది, అంత తొందరగా తెగదు. ఫ్లాస్ డబ్బా చూసి మా బావగారు "నా బహుమతి ఇందులో కలిసిందా" అన్నారు.

అదే డబ్బాలో వేళ్ళకి చుట్టే టేప్, బ్యాండ్‌ఎయిడ్లు, పాదం కింద దొర్లించుకోవడానికి ఒక టెన్నిస్ బంతి. ఇంకా కొప్పు సామాను. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గానీ బ్యాలేలో క్లాసుకి ఒకటే రకం, ఒక్క వెంట్రుక కూడా మెడ మీదికి రాకూడదు. కూచిపూడి సామాను అమ్మే షాపుల్లో దొరికే యూ పిన్నులు, హెయిర్ నెట్లు దీనికీ సరిపోతాయి. మన పిల్లల జుట్టు ఒత్తుగా ఉంటుంది కాబట్టి పెద్ద నెట్ అడగండి, నల్లదే.

షూస్ పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవర్ కాకుండా గుడ్డ సంచీ ఇవ్వండి. పాయింట్ షూస్ చెమటకి మెత్తబడతాయి, ఉతకకూడదు, గాలికి ఆరాలి. మన వానాకాలంలో ప్లాస్టిక్‌లో పెడితే బూజే. పోచంపల్లి కాటన్ ముక్కతో తాడు లాగే సంచీ ఒకటి కుట్టించాను, దాని క్లాసులో ఇంకో ఇద్దరు తల్లులు ఎక్కడ కొన్నారని అడిగారట.

లెగ్ వార్మర్లు మన ఊరి ఎండకి ఎందుకనిపిస్తుంది. కానీ ఏసీ స్టూడియోలో కండరాలు చల్లబడకుండా వేసుకుంటారు, పొద్దున్నే క్లాసుంటే డిసెంబర్, జనవరి చలికి మరీను. క్రిస్మస్‌కి తొందర లేకపోతే ఆగండి, జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది, కశ్మీర్ స్టాళ్ళలో ఉన్ని సామాను చూసుకుంటూ తిరగొచ్చు. పిల్లని కూడా తీసుకెళ్ళండి, మిర్చి బజ్జీలు ఎలాగూ తినాలి.

ఐదో మెట్టు: ఇంట్లో ప్రాక్టీస్‌కి ఏదైనా పెట్టాలనుకుంటే

పట్టుకుని నిలబడే కొయ్యని బార్ అంటారు. "దానికి ఇంట్లో బార్ కావాలట" అని అక్క ఫోన్‌లో అన్నప్పుడు బావగారు ఒక్క క్షణం ఆశపడ్డారు. గోడకి బిగించేదైతే అద్దె ఇంట్లో ఓనర్‌తో గొడవ, అందుకని కాళ్ళున్న రకం, మడిచి పక్కన పెట్టేది మేలు. ఎత్తు నడుముకి కాస్త పైన, మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది. కర్టెన్ రాడ్‌తో సరిపెట్టొద్దు, ఊడి మీద పడుతుంది.

అసలు సమస్య నేల. మన ఫ్లాట్లలో కాంక్రీటు మీద టైల్సో, మార్బులో, గ్రానైటో. స్టూడియోలో నేల కింద కాస్త స్ప్రింగులా ఒదిగే ఏర్పాటు ఉంటుంది, ఇక్కడ ఉండదు, దూకితే దెబ్బంతా పిక్కలకీ మోకాళ్ళకీ. ఇంట్లో దూకడాలు వద్దని టీచర్ చెప్పే ఉంటారు. యోగా మ్యాట్ కొనేద్దామనిపిస్తుంది, కానీ అది పాదాన్ని పట్టేస్తుంది, గిర్రున తిరిగేటప్పుడు ఒళ్ళు తిరిగి పాదం తిరగకపోతే మోకాలు మెలిపడుతుంది. ఒళ్ళు సాగదీసుకోవడానికైతే యోగా మ్యాట్ సరే. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఇస్తే బాగుంటుంది, బార్ దగ్గర చేసేవన్నీ పియానో పాటల లెక్క మీదే, ఫోన్ సౌండ్‌తో సరిగా వినబడదు.

ఆరో మెట్టు: బుట్టలో పడితే తీసేయాల్సినవి

పాదం వంపు పెంచుతుందని చెక్కతో చేసిన స్ట్రెచర్ ఒకటి అమ్ముతారు. పిల్ల వీడియోల్లో చూసి అడుగుతుంది కూడా. పక్కన తెలిసినవాళ్ళు లేకుండా పాదాన్ని అందులో బిగించి వంచితే లిగమెంట్లు దెబ్బతింటాయి. దాని బదులు సాగే రబ్బర్ బ్యాండ్ కొనండి, చవక, పాదానికి బలమూ వస్తుంది. తిరగడం నేర్చుకోవడానికని అమ్మే నున్నటి పలక కూడా టీచర్‌ని అడిగాకే.

బరువు తూచే మెషీన్, డైట్ పుస్తకాలు, సన్నబడే పొడులు, ఇవి ఎంత మంచి ఉద్దేశంతోనైనా వద్దు. బ్యాలే నేర్చుకునే టీనేజ్ పిల్లల్లో తిండి తగ్గించుకోవడం నిజంగా ఉన్న సమస్య, అద్దాల మధ్య రోజూ తమని తాము చూసుకునే పిల్లలు వాళ్ళు. బహుమతి ఇస్తూ "కాస్త చిక్కావే, బాగున్నావ్" అని కూడా అనొద్దు. మా ఇంట్లో ఈ మాట మాన్పించడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

బ్యాలే బొమ్మ ఉన్న కప్పులు, కీచైన్లు? దాని దగ్గర ఇప్పటికే తొమ్మిదున్నాయి.

ఏడో మెట్టు: వస్తువు కాకుండా ఒక సాయంత్రం

చైకోవ్‌స్కీ సంగీతంతో నట్‌క్రాకర్ అనే బ్యాలేని 1892 డిసెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి వేశారు. కథ జరిగేది క్రిస్మస్ ముందు రాత్రే. పెద్ద కంపెనీల రికార్డింగులు ఆన్‌లైన్‌లో ఉంటాయి, లండన్ రాయల్ బ్యాలే వాళ్ళవి చూడ్డానికి చందా కట్టొచ్చు. చందా బహుమతిగా ఇచ్చి, మీరూ పక్కన కూర్చుని చూడండి. నాకు మొదటి అరగంట ఏమీ అర్థం కాలేదు, పిల్ల చెప్తుంటే తర్వాత కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఏడాదికోసారి వరల్డ్ బ్యాలే డే అని పెద్ద కంపెనీలు తమ క్లాసుల్ని, రిహార్సల్స్‌ని ఉచితంగా చూపిస్తాయి, ఆ వీడియోలు దాచిపెట్టి ఇవ్వొచ్చు.

మా పిల్ల ఆలస్యంగా మొదలుపెట్టానని తెగ దిగులుపడేది. మిస్టీ కోప్‌లాండ్ గురించి దానికి చెప్పింది నేనే, అంత గర్వం నాకు. ఆవిడ మొదలుపెట్టిందే 13 ఏళ్ళకి, 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రిన్సిపల్ డాన్సర్, అంటే ప్రధాన నర్తకి, అయింది, ఆ కంపెనీలో ఆ స్థానానికి చేరిన మొదటి నల్లజాతి మహిళ.

రవీంద్రభారతికి కూడా తీసుకెళ్ళండి, చాలా కార్యక్రమాలకి టికెట్ ఉండదు. మా అమ్మా, మనవరాలూ కలిసి కూచిపూడి చూసొచ్చారు పోయినసారి. దారిలో పిల్ల అమ్మమ్మకి రుక్మిణీదేవి అరండేల్ సంగతి చెప్పిందట. ఆవిడ రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా నాట్యం చూసి ముందు బ్యాలేనే నేర్చుకుంది, మీ దేశపు నాట్యం చూసుకో అని పావ్లోవాయే ప్రోత్సహిస్తే భరతనాట్యం వైపు వచ్చి 1936లో కళాక్షేత్ర పెట్టింది. మా అమ్మ ఇంటికొచ్చి, "అయితే నా గజ్జెలు మరీ అంత తప్పేం కాదు" అంది.

ఆఖరి మెట్టు: తెప్పించడం, ఇవ్వడం

బయటి దేశం నుంచి వచ్చేవి నవంబర్ మొదట్లోనే ఆర్డర్ పెట్టండి. కస్టమ్స్ సుంకం ధరలో కలిసిందో లేదో చూసుకోండి, లేకపోతే డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఇంకా కట్టమంటాడు. బిల్లు డబ్బాలోనే పెట్టండి. మార్చుకోవడానికి గడువు పండగ దాటాక కూడా ఉండేలా చూడండి, షూ ఏదైనా ఉంటే ఎలాస్టిక్ కుట్టకముందే, నేల మీద నడవకముందే తివాచీ మీద వేసి చూడమనండి.

ఇచ్చేటప్పుడు ఇంటి నిండా చుట్టాలుంటారు. గారెలు, పులిహోర అయ్యాక ఎవరో ఒక బాబాయి "ఏదీ, ఒకసారి చేసి చూపించవే" అంటాడు. కడుపు నిండా తిని, ఒళ్ళు వేడెక్కకుండా, నున్నటి టైల్స్ మీద ఆ పిల్ల ఏం చేస్తుంది? మీరు అడ్డుపడి, ఆ బాబాయిని రిబ్బన్ సూదిలోకి దారం ఎక్కించమనండి. మాకు మొన్న అలాగే గడిచింది, ఆయన కళ్ళజోడు కోసం పావుగంట వెతుక్కున్నాడు, ఈలోగా పిల్ల డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది.